హోటల్ అంటే తిండా, గదా? పూటకూళ్ళ ఇల్లు మాటేమిటి?

అందరికీ నమస్కారం. విజయవాడలో పెళ్ళికి వెళ్ళాలి. "హోటల్ బుక్ చేశాను నానమ్మా" అని మా అబ్బాయి ఫోన్ చేశాడు. "తినడానికి బుక్ చేయడమెందుకురా, వెళ్ళి కూర్చుంటే పెట్టరూ?" అంది మా అమ్మ. ఆవిడకు హోటల్ అంటే ఇడ్లీ, పడుకోవడానికైతే లాడ్జి. ఈ తేడా ఎలా వచ్చింది? హోటల్‌కు పూటకూళ్ళ ఇల్లు అనొచ్చా?

జవాబు:

అమ్మగారిది అసలైన తెలుగు వాడుకండీ. హోటల్ ఫ్రెంచి మాట. హాస్పిటల్‌కీ దీనికీ లాటిన్‌లో మూలం ఒకటే, అతిథిని ఆదరించే చోటు. మన దాకా వచ్చేసరికి మంచం పోయి విస్తరి మిగిలింది. టిఫిన్ హోటల్, మిలటరీ హోటల్, ఇరానీ హోటల్... ఎక్కడా గది అడగం కదా!

పూటకూళ్ళలోనూ ఉన్నది కూడే. గూడుకు గూళ్ళు అయినట్టే కూడుకు కూళ్ళు. పూటకింత అని డబ్బు పుచ్చుకుని అన్నం పెట్టే ఇల్లు. క్రీడాభిరామం అనే పాత తెలుగు వీధినాటకంలో ఓరుగల్లు లక్ష్మణవజ్ఝల ఇంటి భోజనం గుర్తుందా? కప్పురభోగి అన్నం, గోధుమపిండి వంట, పంచదార, అప్పుడే కాచిన ఆవునెయ్యి, పెసరపప్పు, అరటిపళ్ళు, గడ్డపెరుగు, అన్నీ ఒక్క రూక (అప్పటి నాణెం)కే. ఆ పద్యం చదివినప్పుడల్లా నాకు ఆకలేస్తుంది.

డబ్బడగకుండా పెడితే అది సత్రం. వేదకాలంలో చాలా రోజులు సాగే యాగాన్ని సత్రం అనేవారు. అన్నం పెట్టే చోటికి ఆ పేరు రావడం ఎంత బాగుందో చూడండి. చౌల్ట్రీని నిఘంటువులు మన చావడితోనే ముడిపెడతాయి. ఇంగ్లీషువాళ్ళ నోట్లో నలిగి మళ్ళీ మన ఊరికే వచ్చింది.

ప్రభుత్వ లెక్క వేరు. కేంద్ర పర్యాటక శాఖ 1 నుంచి 5 దాకా స్టార్లు ఇస్తుంది, ఆపైన 5 స్టార్ డీలక్స్. 1950కి ముందు కట్టిన మహళ్ళకూ కోటలకూ హెరిటేజ్ వర్గం విడిగా ఉంది. దరఖాస్తు పెట్టుకున్నవాళ్ళకే స్టార్లు. కాబట్టి స్టార్ లేనంత మాత్రాన లాడ్జిని తక్కువగా చూడక్కర్లేదు.

ఇక మీ రెండో ప్రశ్న. మీ అబ్బాయి బుక్ చేసినదాన్ని పూటకూళ్ళ ఇల్లు అనలేం. కాలేజీ పిల్లలు తినే మెస్‌కు మాత్రం ఆ పేరు అచ్చంగా సరిపోతుంది. బోర్డు మీద రాసుకునేవాళ్ళుంటే నేను మొదటి పూటే వెళ్తాను.