‘ఎవ్వనిచే జనించు’లో ఆ ‘చే’ సంగతి ఏమిటి?

పెన్నగట్టు:
మొన్న నెల్లూరులో రంగనాయకుల గుడి దగ్గర గజేంద్ర మోక్షం ఉపన్యాసం విన్నాను. ‘ఎవ్వనిచే జనించు జగ మెవ్వని లోపల నుండు లీనమై’ పద్యం చదివి, వక్త ఒక మాటన్నారు. “బిగ్ బ్యాంగ్ అని సైంటిస్టులు ఇప్పుడు చెబుతున్నారు, పోతన ఎప్పుడో చెప్పాడు. జగత్తుకు పుట్టుక ఉందంటే పుట్టించినవాడు ఉన్నట్టే కదా!” చప్పట్లు మోగాయి. నేనూ కొట్టాను. ఇంటికొచ్చి పడుకున్నాక అనుమానం పట్టుకుంది. ‘పుట్టు’కీ ‘పుట్టించు’కీ మధ్య ఒక ‘ఇంచు’ ఉంది కదా, అది ఎక్కడి నుంచి వచ్చింది? పద్యంలో ఉందా, మనం తెచ్చి పెట్టామా? దేవుడున్నాడా లేడా అని పోట్లాట వద్దు, మాట సంగతి చెప్పండి.

సీతారామపురం:
‘జనించు’లోనే ‘ఇంచు’ ఉంది కదన్నా!

కావలి మాస్టారు:
ఉంది నాయనా, కానీ అది వేరే ఇంచు. సంస్కృత ధాతువు తెలుగు క్రియ కావడానికి తగిలించుకునేది. జనించు, జయించు, రచించు అన్నీ అంతే. పుట్టించు, తినిపించు లాంటి వాటిలో ఉన్నది ప్రేరణ, అంటే ఒకరు ఇంకొకరిచేత పని జరిపించడం. ‘జనించు’కి ప్రేరణ కావాలంటే ‘జనింపజేయు’ అనాలి. పోతన అలా అనలేదు. జనించు అంటే పుట్టు, అంతే. అకర్మకం, అంటే ‘దేన్ని’ అని అడగడానికి కర్మ లేని క్రియ.

ఇక ‘చే’. చేతన్, చేన్, తోడన్, తోన్ తృతీయ అని చిన్నప్పుడు వల్లె వేశాం కదా. ఆ తృతీయ ఒక్క కర్తకే కాదు. ‘రాముని చేత చంపబడె’ అంటే కర్త. ‘కత్తిచే కోసె’ అంటే పనిముట్టు. ‘నీ దయచే బ్రతికితి’ అంటే హేతువు. అకర్మక క్రియ పక్కన నిలబడ్డ ‘చే’ని నేనైతే హేతువు కిందే వేస్తాను.

కందుకూరు కోడలు:
మాస్టారూ, మా ఇంట్లో కాన్పయితే ‘ఎవరిచే పుట్టాడు’ అనరు, ‘ఎవరికి పుట్టాడు’ అంటారు. చెమటకాయలు ఎండ వల్ల పుడతాయి. నిప్పు రాపిడిలోంచి పుడుతుంది. కి, వల్ల, లోంచి. ‘చే’తో పుట్టడం ఈ పద్యంలోనే విన్నాను.

కావలి మాస్టారు:
భలే పట్టావమ్మా. సంస్కృతంలోనూ జన్ ధాతువుకి సహజమైన జోడీ పంచమే. ‘జనికర్తుః ప్రకృతిః’ అని పాణిని సూత్రం. పుట్టేదానికి మూలం ఏదో అది పంచమిలో ఉంటుంది. బ్రహ్మసూత్రాల్లో ‘జన్మాద్యస్య యతః’ కూడా ‘దేని నుంచి’ అనే అంటుంది. పోతనకు ఆధారమైన సంస్కృత భాగవత శ్లోకం చూడండి: ‘యస్మిన్నిదం యతశ్చేదం యేనేదం య ఇదం స్వయమ్’. దేనిలో, దేని నుంచి, దేనిచేత, తానే ఏదో. అన్ని విభక్తులూ ఒక్కడికే కట్టాడు. కుండకి కుమ్మరీ తానే, మట్టీ తానే, కుండా తానే అన్నట్టు. పోతన కూడా ‘సర్వము దానయైన వాడు’ అన్నాడు. కాబట్టి బయట కూర్చుని లోకాన్ని తయారు చేసినవాడు అనే అర్థం ఈ పద్యంలో సరిగా ఇమడదు.

ఒంగోలు ఫిజిక్స్:
నేను ఇంటర్‌కి ఫిజిక్స్ చెబుతాను. నా బాధంతా ‘మహా విస్ఫోటం’ అనే అనువాదంతోనే. మా చీమకుర్తి గ్రానైట్ క్వారీల్లో బ్లాస్టింగ్ ఉంటుంది చూశారా, అక్కడ ముందే కొండ ఉంటుంది, చుట్టూ చోటు ఉంటుంది, మందు పెట్టి అంటించేవాడు ఉంటాడు. విస్ఫోటం అనగానే పిల్లలు ‘ఎవరు అంటించారు సార్’ అని అడుగుతారు. ఆ ‘ఎవరు’ ఆ మాటలోంచే పుట్టింది! సిద్ధాంతం చెప్పేది చోటే సాగడం గురించి. దాదాపు 1,380 కోట్ల ఏళ్ల కిందట విశ్వం చాలా వేడిగా, చాలా దట్టంగా ఉండేదని, అప్పటి నుంచి వ్యాకోచిస్తోందని. ‘బిగ్ బ్యాంగ్’ అనే పేరు కూడా ఆ సిద్ధాంతాన్ని ఒప్పుకోని ఖగోళ శాస్త్రవేత్త ఫ్రెడ్ హోయల్ 1949లో రేడియోలో అన్న మాట.

తమాషా ఏమిటంటే, ఈ సిద్ధాంతానికి పునాది వేసిన వాళ్లలో ఒకరైన జార్జ్ లెమైత్ర్ స్వయంగా క్యాథలిక్ ఫాదరు. 1951లో పోప్ పన్నెండో పయస్ ఈ సైన్సు సృష్టికర్తకు సాక్ష్యం పలుకుతోందన్నట్టు ప్రసంగిస్తే, లెమైత్ర్‌కి అది నచ్చలేదు. తన సిద్ధాంతం దేవుడి ప్రశ్న జోలికి పోదని ఆయన మాట. రంగనాయకుల గుడి దగ్గర ఆయన ఉంటే చప్పట్లు కొట్టేవారు కాదేమో.

సీతారామపురం:
అన్నీ సరే సార్. కారణం లేకుండా కార్యం ఉంటుందా? కుండను చూస్తే కుమ్మరి ఉన్నాడని తెలియడం లేదా? నారు పోసినవాడు నీరు పోయడా?

పెన్నగట్టు:
తమ్ముడూ, నువ్వు చెప్పింది చిన్న వాదన కాదు. న్యాయ దర్శన పండితుడు ఉదయనుడు తన గ్రంథం న్యాయకుసుమాంజలిలో ఇదే దారిలో వాదించాడు. జగత్తు కార్యం కాబట్టి కర్త ఉండాలని. కానీ కుండలు చేయడం మనం కళ్లారా చూశాం, లోకాలు తయారవడం ఒక్కసారీ చూడలేదు. ‘కారణం ఉండాలి’ దాకా నీతో వస్తాను. ‘దేని వలన’ అని అడగాల్సిన చోట ‘ఎవ్వనిచే’ అని అడిగితే, జవాబు సగం ప్రశ్నలోనే దూరిపోయింది. అక్కడ ఆగుతాను. సామెత అంటావా, అది నాట్లయ్యాక మబ్బు పట్టక దిగులుపడే రైతుకి ధైర్యం చెప్పే మాట. దాన్ని సాక్ష్యానికి పిలవకు.

కందుకూరు కోడలు:
‘సృష్టికి ముందు’ అంటాం కదా, కాలమే అప్పుడు మొదలైతే ఆ ‘ముందు’ ఎక్కడుంటుంది? మనకి ముందు అంటే గడిచిందీ, ముందుముందు అంటే రాబోయేదీ!

పెన్నగట్టు:
దానికి వేరే చర్చ పెట్టాలక్కా. నాకు తోచింది చెబుతాను. గజేంద్రుడు తర్కం చేయడం లేదు, కాలు మొసలి నోట్లో ఉంది. ‘దేని వలన’ అనేదాన్ని పిలిస్తే రాదు, ‘ఎవ్వడు’ అయితేనే వస్తాడు. అందుకే పద్యమంతా ‘ఎవ్వడు’, చివర ‘శరణంబు వేడెదన్’. ఆ ‘ఎవ్వడు’ పిలుపులోది. దాన్ని ఉపన్యాసంలో రుజువు చేసేశారు. పైగా అదే ఏనుగు కొన్ని పద్యాల తర్వాత ‘కలడు కలండనెడివాడు కలడో లేడో’ అంటుంది. ఆ రోజు వక్త ఆ పద్యం చదవలేదు.

కావలి మాస్టారు:
అందులో ‘అనెడి’ని చూడు నాయనా. ఉన్నాడని నలుగురూ అనేవాడు. ఏనుగు తన మాటగా అనలేదు.