అప్‌డేట్: రెట్రో గేమ్స్‌కి చివరికి ఏ డివైస్ తీసుకున్నానంటే

ఎల్బీనగర్ నుంచి రాయదుర్గం దాకా మెట్రోలో ఆడుకోవడానికి, పాత వీడియో గేమ్స్ నడిపే చిన్న చేతి కన్సోళ్లలో మియూ మినీ ప్లస్ కొనాలా, ఆన్‌బెర్నిక్ ఆర్‌జీ35ఎక్స్‌ఎక్స్ హెచ్ కొనాలా అని అడిగాను కదా. ఆన్‌బెర్నిక్కే తీసుకున్నా.

స్క్రీన్ రెండిట్లోనూ ఒకే సైజు: 3.5 అంగుళాలు, 640 బై 480 పిక్సెల్స్. అందుకే తేల్చింది నా చేతులే. మియూ నిలువుగా ఉంటుంది, భుజం బటన్లు నాలుగూ వెనకాల ఇరుక్కుని ఉంటాయి. ఫ్రెండ్ దగ్గర పట్టుకుని చూస్తే, అమీర్‌పేటలో రైలు మారేలోపే వేళ్లు లాగేశాయి. ఆన్‌బెర్నిక్ హెచ్ అడ్డంగా ఉంటుంది, బొటనవేళ్లతో తిప్పే రెండు స్టిక్కులు కూడా ఉన్నాయి.

పీఎస్1 (మొదటి ప్లేస్టేషన్) గేమ్స్ చాలావరకు 320 బై 240. సరిగ్గా రెట్టింపు అవుతాయి కాబట్టి బొమ్మ అద్దంలా ఉంది. నింటెండో పాత చేతి కన్సోల్ గేమ్‌బాయ్ అడ్వాన్స్‌దే తిప్పలు. దానిది 240 బై 160. వెడల్పంతా నింపితే 2.67 రెట్లు సాగి, బ్యాక్‌గ్రౌండ్ కదిలినప్పుడల్లా పిక్సెల్స్ మినుకుమినుకుమంటాయి. ఈ గేమ్స్ నడిపే రెట్రోఆర్చ్ యాప్‌లో ఇంటీజర్ స్కేల్ (బొమ్మని పూర్తి రెట్లలోనే పెంచే సెట్టింగ్) ఆన్ చేశా. బొమ్మ చిన్నదైంది గానీ శుభ్రంగా ఉంది, నాకదే ఇష్టం. కేవలం అడ్వాన్స్ గేమ్సే ఆడేవాళ్లయితే ఆన్‌బెర్నిక్‌దే ఆర్‌జీ34ఎక్స్‌ఎక్స్ చూడండి. 720 బై 480, అంటే కచ్చితంగా మూడు రెట్లు.

పెట్టెలో వచ్చే మెమరీ కార్డుల్ని నమ్మొద్దని చాలామంది చెప్పారు. సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ సామాన్ల మార్కెట్ సీటీసీలో మంచి కార్డు కొని, మొదటిరోజే అన్నీ అందులోకి మార్చేశా.

పీఎస్పీ (సోనీ చేతి కన్సోల్) గేమ్స్ కోసమైతే దీన్ని కొనకండి. తేలిక గేమ్స్ నడుస్తాయి, బరువైనవి నత్తనడకే.