సఫారీ పార్కులో ఒకే బాటలో తిరిగే పులి: చూసినవారు, పనిచేసినవారు చెప్పగలరు (చర్చ)

తొలకరి:
గత వారం పిల్లలతో ఒక సఫారీ పార్కుకు వెళ్లాను. మా బస్సు పులుల ఆవరణలోకి ప్రవేశించినప్పుడు ఒక ఆడపులి కంచె వెంబడి ఇరవై అడుగుల మేర అటూ ఇటూ నడుస్తూ, ప్రతిసారీ ఒకే చోట తల తిప్పి వెనుదిరగడం చూశాను. మేమున్న పావుగంటలో అది ఒక్కసారి కూడా ఆగలేదు. అది నడిచిన చోట గడ్డి చచ్చిపోయి, మట్టి గట్టిపడి కాలిబాటలా తయారైంది. బయట పులి కూనను ఒడిలో పెట్టి ఫోటో తీసే చోటు, కార్ల కిటికీల నుంచి జిరాఫీలకు మేత పెట్టే చోటు కూడా ఉన్నాయి. ఆ నడక బాధకు గుర్తేనా? జిరాఫీలకు మనం మేత పెట్టవచ్చా? మంచి పార్కును వెళ్లకముందే గుర్తుపట్టడం ఎలా?

గరిక:
కూనల ఫోటోల గురించి మాత్రమే చెబుతాను. ఆరేళ్ల క్రితం నేనూ అలాంటి కూనను ఒడిలో పెట్టుకుని ఫోటో దిగి, ఎంతో మురిసిపోయాను. అడవిలో పులి కూన దాదాపు రెండేళ్లు తల్లి వెంటే ఉంటుందని, ఫోటోల కోసం దాన్ని పుట్టిన కొద్ది రోజులకే విడదీస్తారని తరువాత చదివి తెలుసుకున్నాను. కూనలు పోయిన తల్లి త్వరలోనే మళ్లీ ఎదకు వస్తుంది, పులి గర్భకాలం 105 రోజులకు కాస్త అటూ ఇటూగా ఉంటుంది, కాబట్టి అడవిలో రెండు రెండున్నరేళ్లకు ఒకసారి ఈనే జంతువు చేత ఏటా ఈనిస్తారు. మూడు నాలుగు నెలలు నిండిన కూన సందర్శకుల ఒడికి పనికిరాదు. ఆ తరువాత అది ఎక్కడికి వెళుతుందని అడిగితే నాకు అక్కడ ఎవరూ జవాబు చెప్పలేదు. అమెరికాలో 2022 డిసెంబరులో వచ్చిన చట్టం పులి, సింహం వంటి పెద్ద పిల్లుల కూనలను సందర్శకుల చేతికివ్వడాన్ని నిషేధించింది.

పాతకాపు:
నేను పద్నాలుగేళ్లు పెద్ద పిల్లుల దగ్గర కీపరుగా పనిచేశాను. పులి నడిచిన ప్రతిసారీ బాధ అనుకోవడం పావుగంట చూసి వెళ్లేవారు చేసే పొరపాటు. మాంసం తెచ్చే బండి చప్పుడు పులికి అరమైలు దూరం నుంచే తెలుస్తుంది, మేత వేళ దగ్గరపడితే అది తలుపు దగ్గర తిరగకుండా ఉండదు. మా దగ్గర తిరిగిన పులులు తిన్న వెంటనే పడుకునేవి.

కొండగాలి:
పాతకాపు గారూ, మీ అనుభవాన్ని కాదనను, కానీ అది ఇక్కడ అడిగిన ప్రశ్నకు జవాబు కాదు. 2003లో ‘నేచర్’ అనే శాస్త్ర పత్రికలో వచ్చిన పరిశోధన 35 మాంసాహార జాతులను పరిశీలించి, అడవిలో ఎంత విశాలమైన ప్రాంతంలో సంచరించే జాతి అయితే బందీగా అంత ఎక్కువగా ఇలా తిరుగుతుందని, దాని పిల్లలు కూడా అంత ఎక్కువగా చనిపోతాయని తేల్చింది. ధ్రువపు ఎలుగుబంటికి ఇచ్చే ఆవరణ అది సహజంగా తిరిగే ప్రాంతంలో పది లక్షలవ వంతు మాత్రమేనని ఆ పరిశోధకులే లెక్కగట్టారు. మేత కోసమే అయితే ఈ సంబంధం ఎందుకు కనబడుతుంది?

పాతకాపు:
కాగితాల మీది లెక్కలతో నాకు పాఠం చెప్పవద్దు. ఆ పరిశోధకులు నా పులుల పేర్లు కూడా ఎరుగరు. జ్వరం వచ్చిన పులికి రాత్రంతా కాపలా ఉన్నవాడిని నేను.

కొండగాలి:
మీ ప్రేమను ఎవరూ శంకించలేదు. ప్రేమగల కీపరు ఉన్నచోట కూడా పులికి బాధ ఉండవచ్చని మాత్రమే అంటున్నాను, దానికి ఇంత కోపం అవసరం లేదు.

ఆకుమందు:
నేను పశువైద్యురాలిని. మీరిద్దరూ చెప్పేవి రెండూ నిజంగా జరిగేవే, కాబట్టి వాటిని విడదీసి చూడవలసి ఉంటుంది. మేత కోసం ఎదురుచూసే నడక ఒక వేళకు మొదలై ఆ వేళతో ముగుస్తుంది, చెవులు, చూపు మేత వచ్చే దిక్కునే ఉంటాయి. అలవాటుగా గడ్డకట్టిన నడకకు వేళ ఉండదు, అడుగులు పడిన చోటే పడతాయి, పక్కన చప్పుడైనా తల తిరగదు. ఇంకొక సంగతి కూడా గమనించాలి: ఇరుకు బోనులో పెరిగిన జంతువును విశాలమైన చోటికి మార్చిన తరువాత కూడా ఆ నడక ఏళ్ల తరబడి మిగిలిపోవచ్చు, కాబట్టి అది ఇప్పటి పార్కు చేసిన గాయం కాకపోవచ్చు. నాకు కోపం తెప్పించేది గోళ్లు తీయించడం. అది గోరు కత్తిరించడం కాదు, ప్రతి వేలి చివరి ఎముకను కోసివేయడం, దానివల్ల జీవితాంతం పాదం నొప్పి, కీళ్ల అరుగుదల వస్తాయి.

చిరుతపాదం:
తెల్లపులుల గురించి ఎవరూ ఎత్తలేదు. జంతు ప్రదర్శనశాలల్లో కనబడే తెల్లపులుల వంశాలు ప్రధానంగా 1951లో నేటి మధ్యప్రదేశ్‌లోని రీవా అడవుల్లో పట్టుబడిన మోహన్ అనే తెల్ల మగకూన దగ్గర మొదలవుతాయి. దాన్ని దాని కూతురితోనే జత కట్టించి 1958లో తెల్ల కూనలను పుట్టించారు. కంటి నరాలు మెదడుకు తప్పు దారిలో చేరడం వల్ల వీటిలో మెల్లకన్ను సాధారణం. అమెరికాలోని జంతు ప్రదర్శనశాలల సంఘం 2011లోనే తన సభ్యులను తెల్లపులుల ఉత్పత్తి మానుకోమంది. అరుదైన జాతిని కాపాడుతున్నామని చెప్పి టిక్కెట్టు అమ్మే చోట నేను అడుగు పెట్టను.

పాతకాపు:
ఆ విషయంలో మీతో పూర్తిగా ఏకీభవిస్తాను. నా చేతుల మీదుగా పెరిగిన ఒక తెల్లపులి విసిరిన మాంసం ఎక్కడ పడిందో చూడలేక వాసనతో వెతుక్కునేది. ఇంకొకటి చెప్పాలి. సందర్శకులు ఎకరాల ఆవరణను చూసి సంతోషిస్తారు, కానీ పార్కు మూసిన తరువాత ఆ జంతువు గడిపే రాత్రి గదిని ఎవరూ చూడరు. రోజులో పదిహేను గంటలు అది అందులోనే ఉంటే, దాని ఇల్లు ఆ గదే అవుతుంది. మంచి పార్కును గుర్తుపట్టాలంటే ముందు దాని కొలత అడగండి.

తొలకరి:
ధన్యవాదాలు, ఇది నాకు తట్టనే లేదు. జిరాఫీల సంగతి దయచేసి ఎవరైనా చెప్పండి, మా చిన్నవాడు వాటికి రొట్టె ముక్కలు పెట్టాడు.

ఆకుమందు:
రొట్టె అసలు పెట్టకూడదు. జిరాఫీ ఆకులు మేసి నెమరు వేసే జంతువు, పిండిపదార్థం ఎక్కువైతే దాని మొదటి పొట్టలో ఆమ్లం పెరిగి ప్రాణం మీదికి రావచ్చు. పార్కువారే కొలిచి ఇచ్చే ఆకుల కొమ్మలైతే అంత భయం లేదు. కొమ్మల మేత సరిపోని జిరాఫీలు కంచెలను, గోడలను గంటల తరబడి నాకుతాయి, ఈసారి అది గమనించండి.

తొలకరి:
నిన్న ఒక్కదాన్నే మళ్లీ వెళ్లాను. ద్వారం తెరిచిన పది నిమిషాలకు మొదటి బస్సు ఎక్కాను, అప్పటికే ఆ పులి నడుస్తోంది. మేత సాయంత్రం ఐదు గంటలకు మాత్రమేనని బస్సు నడిపే వ్యక్తి చెప్పాడు. మధ్యాహ్నం మరో రెండుసార్లు చూశాను: ఒకసారి నీళ్ల తొట్టిలో పడుకుని ఉంది, రెండోసారి మళ్లీ అదే బాట, తల తిప్పడం మళ్లీ అదే చోట. పక్కన బస్సు హారన్ మోగినా చెవి కదల్చలేదు.

పాతకాపు:
తొలకరి గారూ, మేతకు అన్ని గంటల ముందు, హారన్‌కు కూడా కదలకుండా అంటే నేను మొదట చెప్పిన కారణం చాలదు. ఆ పులి అక్కడే పుట్టిందా, వేరే చోటి నుంచి తెచ్చారా అన్నది కనుక్కోండి. రాత్రి గది గురించి కూడా రాతపూర్వకంగా అడగండి, ఆ ఉత్తరం ఎలా రాయాలో నేను చెబుతాను.