సాయంత్రపు టైమ్‌లాప్స్‌లో మారే వెలుతురును ఎలా సంభాళించాలి?

హైదరాబాదులో 2020లో ప్రారంభమైన దుర్గం చెరువు తీగల వంతెన మీద సూర్యాస్తమయం నుంచి దీపాలన్నీ వెలిగే వరకు కనిపించే మార్పును టైమ్‌లాప్స్‌గా తీయాలని నెల రోజులుగా ప్రయత్నిస్తున్నాను. 5 సెకన్లకు ఒక ఫోటో చొప్పున గంటలో 720 ఫోటోలు వస్తాయి. సెకనుకు 24 ఫ్రేముల లెక్కన అవి 30 సెకన్ల వీడియో అవుతాయి. లెక్క వరకు తేలికే, చిక్కంతా వెలుతురుతోనే.

కెమెరాను అపర్చర్ ప్రయారిటీలో (షట్టర్ వేగాన్ని కెమెరాయే ఎంచుకునే పద్ధతిలో) ఉంచితే ఒక్కో ఫోటోకు ఎక్స్‌పోజర్ (అందే వెలుతురు మోతాదు) కొద్దికొద్దిగా మారి వీడియో మినుకుమినుకుమంటోంది. పూర్తిగా మాన్యువల్‌లో ఉంచితే మొదట్లో చక్కగా ఉన్న దృశ్యం అరగంట తిరిగేసరికి చీకటిలో మునిగిపోతోంది. మధ్యమధ్యలో షట్టర్ వేగాన్ని మూడో వంతు స్టాప్ (ఒక స్టాప్ అంటే వెలుతురు రెట్టింపు లేదా సగం కావడం) చొప్పున చేతితో మార్చి, ఆ తేడాలను తరువాత ఎడిటింగ్‌లో సరిచేయడం మేలా, లేక ఆటోలోనే తీసి ఆ మినుకును తొలగించుకోవడం మేలా?

వాహనాల దీపాలు గీతలుగా సాగాలంటే షట్టర్ సెకనో రెండు సెకన్లో తెరిచి ఉంచాలి కనుక, ఇంకా వెలుతురున్నప్పుడు ఎన్ని స్టాపుల ఎన్‌డీ ఫిల్టర్ (లెన్సులోకి వచ్చే వెలుతురును తగ్గించే ముదురు అద్దం) వాడుతున్నారో, చీకటి పడ్డాక కెమెరా కదలకుండా ఆ ఫిల్టర్‌ను ఎలా తొలగిస్తున్నారో అనుభవజ్ఞులు దయచేసి తెలియజేయగలరు. (మొన్న ఆ ప్రయత్నంలోనే నా తేలికపాటి ట్రైపాడ్ కదిలి 400 ఫోటోలు వృథా అయ్యాయి.)