నీటి మీద రోజుకో కవిత: పదిహేనో రోజుకే ఊట ఎండిపోయింది

నెల రోజుల పాటు రోజూ నీటి మీద ఒక చిన్న కవిత రాయాలని పూనుకున్నాను. నానీ పద్ధతి ఎంచుకున్నాను: నాలుగు పాదాలు, 20 నుంచి 25 అక్షరాలు. హుస్సేన్ సాగర్, మూసీ, గండిపేట మొదటి వారంలోనే అయిపోయాయి. 1908 మూసీ వరద మీదే మూడు రాశాను. ఆ వరద తర్వాతే గండిపేట జలాశయం కట్టారన్న సంగతిని 25 అక్షరాల్లో ఇరికించబోతే కవిత పోయి చరిత్ర పాఠం మిగిలింది!

కాస్త నచ్చింది ఇదొక్కటే, అదీ మా వీధి పుణ్యం:

ట్యాంకరు వెళ్లింది
వీధి నిండా తడి
మా బిందెలో మాత్రం
ఆకాశం

ఇప్పుడు ఏది రాసినా కన్నీళ్లు, వాన, అల అనే మాటలే వస్తున్నాయి. విసుగొచ్చి ఆ మూడింటినీ నిషేధించుకున్నాను. దాంతో చేయి పూర్తిగా ఆగిపోయింది.

రోజూ రాసేవారు ఎవరైనా ఉంటే చెప్పండి: ముందు ఏదైనా చూసి రాస్తారా, లేక ఒక మాట పట్టుకుని మొదలుపెడతారా? ‘ట్యాం’ను ఒకే అక్షరంగా లెక్కించాను, సరైనదేనా? రాయలేని రోజును వదిలేయవచ్చా? నాకు దొరికేది పొద్దున నల్లా నీళ్లు వచ్చే అరగంటే, అదీ బిందెలు మారుస్తూ.