సెల్ఫ్ కొడితే "టక్"మని ఆగిపోతోంది, బోట్ ఇంజిన్ పట్టేసిందా?

నీటిబాట:

అందరికీ నమస్కారం. నాది మూడు సిలిండర్ల ఇన్‌బోర్డ్ డీజిల్ ఇంజిన్. లోపల కూలెంట్ తిరుగుతుంది, దాన్ని సముద్రపు నీళ్లు చల్లబరుస్తాయి, ఆ నీళ్లే చివరికి పొగతో కలిసి వెనక నుంచి బయటికి పోతాయి. మొన్నటి దాకా ఏ పేచీ లేదు. డీజిల్ ఫిల్టర్ మార్చాక లైన్లో గాలి చేరి ఒక పట్టాన అందుకోలేదు. గాలి తీయడం, సెల్ఫ్ కొట్టడం, మళ్లీ గాలి తీయడం, ఇలా చాలాసేపు నడిచింది. మధ్యలో ఉన్నట్టుండి "టక్"మని ఆగింది. అప్పటి నుంచి బటన్ నొక్కితే కొంచెం కదులుతుంది, అదే చోట ఆగుతుంది. క్యాబిన్ లైట్లు మసకబారుతున్నాయి. బ్యాటరీ 12.7 వోల్టులు చూపిస్తోంది కాబట్టి దాని తప్పు కాదనుకుంటున్నా. స్టార్టర్ విప్పించాలా, లేక ఇంజినే పోయిందా? చాలా టెన్షన్‌గా ఉంది.

ఎర్తువైరు:

ఊరికే ఉన్నప్పుడు 12.7 ఉంటే బ్యాటరీ బాగున్నట్టు కాదండీ. సెల్ఫ్ కొడుతున్నంతసేపు మీటర్ పెట్టి చూడండి. సుమారు 9.6 కంటే కిందకి పడిపోతుంటే బ్యాటరీనో, టెర్మినళ్లనో అనుమానించాలి. సముద్రపు గాలికి టెర్మినల్ కింద పచ్చగా పేరుకుంటుంది, పైకి కనపడదు. ఎర్త్ వైరు ఇంజిన్‌కి బిగించిన బోల్టు కూడా విప్పి గీకండి. గేర్ న్యూట్రల్‌లోనే ఉందా? ప్రొపెల్లర్‌కి తాడేమైనా చుట్టుకుందా?

పాతపానా:

తమ్ముడూ, ముందు ఆ బటన్ మీంచి చెయ్యి తీసెయ్. మీటర్ పెట్టడానికైనా సరే ఇంకోసారి నొక్కకు.

బ్యాటరీ బలహీనమైతే ఇంజిన్ నీరసంగా తిరుగుతుంది, లేదా స్టార్టర్ దగ్గర టిక్కు టిక్కు అంటుంది. ఎక్కడ పడితే అక్కడ ఆగుతుంది. నీది ప్రతిసారీ ఒకే చోట ఆగుతోంది. పైగా చాలాసేపు సెల్ఫ్ కొట్టాక మొదలైంది. ఈ రెండూ కలిపి చూస్తే నా అనుమానం ఒక్కటే, సిలిండర్‌లోకి నీళ్లు చేరాయి.

అదెలాగో చెబుతా. సెల్ఫ్ కొట్టిన ప్రతిసారీ ఇంజిన్‌తో పాటు సముద్రపు నీటి పంపు కూడా తిరుగుతుంది. నీళ్లు ఎగ్జాస్ట్ ఎల్బో (నీళ్లు పొగతో కలిసే వంపు గొట్టం) దాటి సైలెన్సర్ డబ్బాలో పడతాయి. ఇంజిన్ నడుస్తుంటే పొగ వాటిని బయటికి తోసేస్తుంది. ఇక్కడ ఇంజిన్ అందుకోలేదు, తోసేందుకు పొగ లేదు. డబ్బా నిండింది, గొట్టం నిండింది, నీళ్లు వెనక్కి ఎక్కి తెరుచుకుని ఉన్న ఎగ్జాస్ట్ వాల్వ్ గుండా సిలిండర్‌లోకి దిగాయి. గాలి నొక్కితే నలుగుతుంది, నీళ్లు నలగవు. అర లీటరు సిలిండర్, కంప్రెషన్ 20:1 అనుకో, పిస్టన్ పూర్తిగా పైకొచ్చాక మిగిలే చోటు 26 మిల్లీలీటర్లే. రెండు పెద్ద చెంచాల నీళ్లు కూడా పట్టవు. ఆపైన ఒక్క చుక్క ఎక్కువైనా పిస్టన్ ఆగాల్సిందే. అలాగే కొడుతూ పోతే, పక్క సిలిండర్ ఏ క్షణాన మండి తోస్తుందో తెలీదు, అప్పుడు పిస్టన్‌ని క్రాంక్‌కి కలిపే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. అందుకే బటన్ వద్దన్నా.

ఇప్పుడు చెయ్యాల్సింది: సీకాక్, అంటే సముద్రపు నీళ్లు బోటులోకి వచ్చే వాల్వు, మూసెయ్. బ్యాటరీ స్విచ్ ఆపెయ్. సైలెన్సర్ అడుగున డ్రెయిన్ ప్లగ్ ఉంటుంది, విప్పి నీళ్లు వదిలెయ్. ఇది చెయ్యకుండా, సిలిండర్ల నీళ్లు తీయడానికి ఇంజెక్టర్లు (సిలిండర్‌లోకి డీజిల్ చిమ్మేవి) విప్పితే ఒక పక్క ఖాళీ చేస్తుంటే ఇంకో పక్క నిండుతుంది. తర్వాత క్రాంక్ పుల్లీ నట్టుకి పానా వేసి, ఇంజిన్ మామూలుగా తిరిగే వైపే మెల్లగా తిప్పు. ఎక్కడ ఆగింది, ఎలా ఆగింది, చెప్పు. మొండిగా తొయ్యకు. ఆగాక కాస్త వెనక్కి జరిపి చూడు, కానీ చుట్లు చుట్లు వెనక్కి తిప్పకు, పంపులో రబ్బరు ఇంపెల్లర్ రెక్కలు అడ్డం తిరుగుతాయి.

గాలివాటం:

నాకైతే స్టార్టర్ పళ్లు ఫ్లైవీల్‌లో ఇరుక్కున్నట్టు అనిపిస్తోంది. సుత్తి పిడితో రెండు తగిలిస్తే వదిలేస్తుంది, నాకు పనిచేసింది.

పాతపానా:

ఇరుక్కోదని నేననను. అలాంటప్పుడు ఇంజిన్ రెండు వైపులా బిగుసుకుని ఉంటుంది, స్టార్టర్ బోల్టులు వదులు చెయ్యగానే ఫ్రీ అవుతుంది. పానా పెడితే అదీ తేలిపోతుంది. సుత్తి దాకా ఎందుకు?

నీటిబాట:

అన్నా, మీరు చెప్పినట్టే చేశా. సైలెన్సర్ లోంచి నేననుకున్నదానికంటే చాలా ఎక్కువ నీళ్లు వచ్చాయి. పుల్లీ కొంత దూరం హాయిగా తిరిగి, ఒక చోట గోడకి తగిలినట్టు ఆగింది. వెనక్కి మాత్రం సులువుగా వచ్చింది. గేర్ న్యూట్రల్‌లోనే ఉంది, తాడు ఏమీ లేదు. డిప్‌స్టిక్ మీద ఆయిల్ కొంచెం మజ్జిగ రంగులో ఉంది. ఇక ఇంజెక్టర్లు విప్పాలా?

పాతపానా:

విప్పాలి. నీ ఇంజిన్‌కి గ్లో ప్లగ్గులుంటే (స్టార్ట్ చేసే ముందు సిలిండర్‌ని వేడి చేసేవి) అవి విప్పినా చాలు, పని తేలిక. ఇంజెక్టర్లే విప్పాల్సి వస్తే ఏది ఏ సిలిండర్‌దో గుర్తు పెట్టుకో, కింద ఉండే రాగి వాషర్లు తిరిగి బిగించేటప్పుడు కొత్తవి వెయ్. స్టాప్ లివర్ లాగి కట్టెయ్, లేకపోతే పంపు నుంచి డీజిల్ చిమ్ముతుంది. ఆ ఒత్తిడికి డీజిల్ చర్మంలోకి దూరిపోతుంది, సరదా కాదు.

రంధ్రాల మీద గుడ్డ వేసి, మొహం దూరంగా పెట్టి, ముందు చేత్తోనే నిండు చుట్లు తిప్పు. ఎక్కడా ఆగకపోతే అప్పుడు సెల్ఫ్ పొట్టిగా కొట్టు. నీళ్లు పిచికారీలా వస్తాయి. అందులో కాసిన్ని శుభ్రమైన రేకు మీద పట్టి ఆరనివ్వు. తెల్లగా ఉప్పు మిగిలితే ఎగ్జాస్ట్ వైపు నుంచి వచ్చినట్టు. కూలెంట్ రంగు, జిడ్డు ఉండి, కూలెంట్ పోసే హెడర్ ట్యాంకులో మట్టం తగ్గి ఉంటే హెడ్ గ్యాస్కెట్ (ఇంజిన్ పైమూత కింది సీలు) సంగతి, అది వేరే కథ.

అన్నిటికంటే ముఖ్యం, ఇది రేపటికి వాయిదా వేసే పని కాదు. ఉప్పునీళ్లు లోపల నిలిస్తే రింగులు తుప్పుతో సిలిండర్‌ని పట్టేస్తాయి. అప్పుడు నిజంగానే ఇంజిన్ పోతుంది.

(పెట్రోల్ ఇంజిన్ వాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే: మీరు విప్పేది స్పార్క్ ప్లగ్గులు. ముందు ఇంజిన్ గదిలోకి బాగా గాలి ఆడనివ్వండి, ప్లగ్ వైర్లను ఎర్త్ చెయ్యండి. చిమ్మిన పెట్రోల్‌కి ఒక్క నిప్పురవ్వ చాలు.)

నీటిబాట:

రెండో సిలిండర్, మూడో సిలిండర్ నుంచి నీళ్లు కొట్టాయి అన్నా! మొదటిది పొడిగా ఉంది. రేకు మీద ఉప్పే మిగిలింది, హెడర్ ట్యాంకు నిండుగా ఉంది. ఇప్పుడు చేత్తో తిప్పితే నిండుగా తిరుగుతోంది. తర్వాత?

పాతపానా:

మంచిది. సిలిండర్లలో పల్చటి నూనె కొట్టి చేత్తో నాలుగు చుట్లు తిప్పు. నీళ్లు కలిసిన పాత ఆయిల్ మొత్తం తీసెయ్, ఫిల్టర్ మార్చు, అదే గ్రేడులో చవక ఆయిల్ పొయ్యి. డీజిల్ లైన్లో గాలి పూర్తిగా తీశాకే స్టార్ట్ చెయ్, ఈ గొడవంతా దాంతోనే మొదలైంది కదా. అందుకున్నాక బాగా వేడెక్కేదాకా నడిపి, వేడి మీదే ఆ ఆయిల్ కూడా దించెయ్. రంగు తేటపడేదాకా మళ్లీ మళ్లీ మార్చాల్సిందే. అక్కడ పిసినారితనం వద్దు.

రాడ్ వంగిందేమో అని అనుమానం ఉంటుంది నీకు. కంప్రెషన్ టెస్ట్ చేయించు. మూడూ దగ్గర దగ్గరగా ఉంటే నిశ్చింత. రెండోదో మూడోదో బాగా తక్కువ చూపిస్తే హెడ్ విప్పక తప్పదు.

ఎర్తువైరు:

నా వైపు నుంచి ఒక మాట. ఎగ్జాస్ట్‌లో నీళ్లు కలిసే చోటు బోటు నీటిమట్టానికి 15 సెంటీమీటర్లకంటే తక్కువ ఎత్తులో ఉంటే పైన యాంటీ సైఫన్ వాల్వ్ (గొట్టంలోకి గాలి వదిలి, నీళ్లు వాటంతటవే లాక్కోకుండా ఆపేది) ఉండాలి. దాంట్లో ఉప్పు పేరుకుని మూసుకుపోతే, బోటు ఊరికే కట్టేసి ఉన్నా నీళ్లు వాటంతటవే లోపలికి దిగుతాయి. విప్పి మంచినీళ్లతో కడగండి.

నీటిబాట:

స్టార్ట్ అయింది! కాసేపు తెల్లపొగ వచ్చి తగ్గింది. రెండో ఆయిల్ కూడా దించేశా. కంప్రెషన్ టెస్ట్ ఇంకా చేయించాలి. ఒక్క సందేహం: సెల్ఫ్ ఎక్కువ కొట్టాల్సి వచ్చినప్పుడు సీకాక్ మూస్తే ఇంపెల్లర్ ఎండిపోయి కాలిపోదా?

పాతపానా:

సెల్ఫ్ వేగానికి, లోపల మిగిలిన తడితో కాసేపు బాగానే ఓర్చుకుంటుంది. ఇంజిన్ అందుకున్నాక కూడా మూసి ఉంచితేనే రెక్కలు మాడతాయి. కాబట్టి అందుకోగానే తెరువు. మరిచిపోతానని భయముంటే సీకాక్ మూసినప్పుడల్లా ఇంజిన్ తాళంచెవి ఆ హ్యాండిల్‌కే తగిలించు. స్టార్ట్ చెయ్యాలంటే అక్కడికెళ్లి తెచ్చుకోవాల్సిందే, పని ఉన్నట్టు గుర్తొస్తుంది. ఎగ్జాస్ట్ ఎల్బో కూడా ఒకసారి విప్పి లోపల వేలు పెట్టి చూడు, తుప్పు పెచ్చులు రాలుతుంటే మార్చెయ్. కంప్రెషన్ అంకెలు వచ్చాక ఇక్కడ పెట్టు, చూద్దాం.