అప్పీలు వేశానని చెప్పి లాయరు వెయ్యలేదు: నష్టపరిహారం ఎక్కడ అడగాలి?

గట్టుమీది (ప్రశ్న)

స్థలం హద్దుల దావాలో సీనియర్ సివిల్ జడ్జి కోర్టు మాకు వ్యతిరేకంగా డిక్రీ ఇచ్చింది. జిల్లా కోర్టులో అప్పీలుకి గడువు 30 రోజులు. లాయరుగారు ఫీజు, కోర్టు ఫీజు తీసుకుని "వేశాం, నంబరు పడాలి" అని వాట్సాప్‌లో రెండుసార్లు పెట్టారు. ఇ-కోర్ట్స్‌లో పార్టీ పేరుతో వెతికితే ఏ అప్పీలూ లేదు. డిక్రీ వచ్చి ఏడు నెలలైంది, అవతలివాళ్లు ఇ.పి. (డిక్రీ అమలు పిటిషన్) వేశారు. కేసు కట్ట (కాగితాల ఫైలు) అడిగితే బాకీ ఫీజు కడితేనే ఇస్తామంటున్నారు. వినియోగదారుల కమిషన్‌కి వెళ్లాలా, బార్ కౌన్సిల్‌కా, సివిల్ కోర్టుకా?

సివిల్‌సైడు

పరిహారం సంగతి తర్వాత చూద్దాం, ముందు అప్పీలు బతికించుకోండి. వేరే లాయరుని పెట్టుకుని అప్పీలు మెమోతో పాటే లిమిటేషన్ చట్టం సెక్షన్ 5 కింద ఆలస్యం మాఫీ పిటిషన్ వెయ్యండి. సి.పి.సి. (సివిల్ ప్రొసీజర్ కోడ్) ఆర్డర్ 41 రూల్ 3ఎ ప్రకారం రెండూ కలిసే పడాలి. ఆ రూల్‌లోనే ఇంకో మెలిక ఉంది: అప్పీలు విచారణకు తీసుకోవాలని కోర్టు నిర్ణయించే దాకా డిక్రీ అమలు మీద స్టే ఇవ్వకూడదు. ఈలోగా ఇ.పి. నడుస్తూనే ఉంటుంది కాబట్టి అక్కడ కౌంటరు (మీ జవాబు) వెయ్యడం మానొద్దు.

ఎన్ని రోజుల ఆలస్యమో లెక్కకట్టే ముందు సర్టిఫైడ్ కాపీ (కోర్టు ధ్రువీకరించి ఇచ్చే తీర్పు నకలు) వెనకున్న ముద్ర చూడండి. దరఖాస్తు ఎప్పుడు పెట్టారు, స్టాంపులు ఎప్పుడు అడిగారు, ఎప్పుడు కట్టారు, కాపీ ఎప్పుడు సిద్ధమైంది, అన్ని తేదీలూ అందులో ఉంటాయి. కాపీ తయారీకి అవసరమైన రోజులు లిమిటేషన్ చట్టం సెక్షన్ 12 కింద గడువులోంచి మినహాయింపు. గడువు దాటాక దరఖాస్తు పెట్టి ఉంటే మాత్రం ఆ మినహాయింపు అక్కరకు రాదు.

అఫిడవిట్‌లో "మా లాయరు చెప్పలేదు" అని ఒక్క ముక్క రాస్తే కొట్టేస్తారు. డబ్బు ఏ తేదీన ఇచ్చారు, ఏ మెసేజ్ ఎప్పుడొచ్చింది, మధ్యలో మీరు ఎప్పుడెప్పుడు అడిగారు, నిజం ఎలా బయటపడింది, వరసగా రాసి ప్రింట్లు జతచెయ్యండి. తన వంతు పని చేసిన కక్షిదారు లాయరు తప్పుకి నష్టపోకూడదని రఫీక్ వర్సెస్ మున్షీలాల్ (1981)లో సుప్రీంకోర్టు చెప్పింది. కానీ లాయరు మీద వదిలేసి నిద్రపోయినవాళ్లకి ఆ తీర్పు అండగా నిలవదు.

కట్టలమనిషి

ఫీజు బాకీ ఉందని కట్ట పట్టుకుని కూర్చునే హక్కు లాయరుకి లేదు. ఆర్.డి. సక్సేనా కేసులో (2000) సుప్రీంకోర్టు తేల్చేసింది. బాకీ ఉంటే ఆయన దావా వేసుకోవచ్చు, అంతే. కట్ట అడుగుతూ ఈరోజే స్పీడ్ పోస్టులో ఉత్తరం పంపండి. ఇ.పి.లో పాత వకాల్తా ఉంటే ఎన్.ఓ.సి. (అభ్యంతరం లేదన్న పత్రం) అడగండి, ఇవ్వకపోతే కోర్టు అనుమతితో మార్చుకోవచ్చు. ప్లీడింగులు (దావా, జవాబు పత్రాలు), సాక్ష్యాలకు కోర్టు నుంచే కాపీలు తీసుకోవచ్చు కాబట్టి ఆ కట్ట కోసం అప్పీలు ఆపకండి.

వినియోగదారుల కమిషన్ దారి మూసుకుపోయింది. లాయర్లు ఆ చట్టం కిందకి వస్తారని 2007లో జాతీయ కమిషన్ అంది, దాన్ని సుప్రీంకోర్టు 2024 మే 14న బార్ ఆఫ్ ఇండియన్ లాయర్స్ కేసులో కొట్టేసింది. పాత సలహాలు ఇంకా నెట్‌లో తిరుగుతున్నాయి, నమ్మకండి.

బార్ కౌన్సిల్‌కి అడ్వొకేట్స్ చట్టం (1961) సెక్షన్ 35 కింద ఫిర్యాదు చెయ్యొచ్చు. మందలింపు, సస్పెన్షన్, పేరు తొలగింపు దాకా వెళ్లొచ్చు గాని మీకు పరిహారం రాదు. పైగా ఉత్త అజాగ్రత్తని దుష్ప్రవర్తనగా చూడరు. అందుకే "గడువు దాటించారు" అన్న దానికంటే "వెయ్యకుండానే వేశానన్నారు, కోర్టు ఫీజు తీసుకుని కట్టలేదు, కట్ట ఇవ్వలేదు" అన్నవాటి మీద ఫిర్యాదు నిలబెట్టండి.

డిక్రీహోల్డర్

మిగిలింది సివిల్ దావా. లాయరు కదా అని మినహాయింపేమీ లేదు, లీగల్ ప్రాక్టిషనర్స్ (ఫీజు) చట్టం 1926 సెక్షన్ 5లోనే ఆ మాట ఉంది. గడువు సాధారణంగా 3 ఏళ్లు.

చాలామంది బోల్తాపడేది నష్టం రుజువు దగ్గర. లాయరు అజాగ్రత్త చూపిస్తే చాలదు. అప్పీలు సకాలంలో వేసి ఉంటే గెలిచే అవకాశం నిజంగా ఉండేదని కూడా చూపించాలి, అంటే ఆ అప్పీలునే ఈ దావాలో మళ్లీ వాదించినట్టు. సర్వే రిపోర్టు, లింకు డాక్యుమెంట్లు (స్థలం పాత దస్తావేజులు) బలంగా లేకపోతే చివరికి ఇచ్చిన ఫీజు, ఖర్చుల దగ్గరే ఆగుతుంది. అడిగే మొత్తాన్ని బట్టి కోర్టు ఫీజు కాబట్టి కోపంతో అంకె పెంచుకోకండి.

వాట్సాప్ స్క్రీన్‌షాట్లు ఒక్కటే సరిపోవు. ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 కింద ఇచ్చే ధ్రువీకరణ సర్టిఫికెట్ కావాలి. ఫోన్ మార్చొద్దు, ఛాట్ డిలీట్ చెయ్యొద్దు. లాయరుతో ఇకనుంచి ఫోన్లో కాదు, రాతలోనే మాట్లాడండి.

ఇంకో చిక్కు: అదే బార్‌లో సభ్యుడి మీద కేసు తీసుకోవడానికి లాయర్లు మొహమాటపడతారు. పక్క జిల్లా నుంచి పెట్టుకోండి. మహిళలు, ఎస్సీ, ఎస్టీ, వికలాంగులైతే ఆదాయంతో పని లేకుండా జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా లాయరుని ఇస్తుంది.

గట్టుమీది

ఆలస్యం మాఫీ అయితే దావా వెయ్యక్కర్లేదా?

సివిల్‌సైడు

అప్పీలు దక్కితే పెద్ద నష్టం పోయినట్టే, మాఫీ పిటిషన్ ఖర్చు, కోర్టు వేసే ఖర్చులు, ఆయనకిచ్చిన ఫీజు మాత్రం మిగులుతాయి. వాటికి నోటీసు ఇస్తే చాలావరకు రాజీలో తేలిపోతుంది. మాఫీకి అసలు ప్రయత్నించకుండా దావా వేస్తే మాత్రం, నష్టం తగ్గించుకునే దారి ఉండీ మీరు వాడుకోలేదని అవతలి పక్షం కాంట్రాక్టు చట్టం సెక్షన్ 73 చూపిస్తుంది. మాఫీ పిటిషన్ కొట్టేస్తే ఆ ఆర్డర్ కాపీ దాచండి, మీ దావాలో అదే ముఖ్యమైన ఎగ్జిబిట్ (సాక్ష్యపత్రం).